మేనేజరు బల్ల కొలత

అక్కా, నేను క్షేమం. అమ్మ భయపడుతున్నట్టు చీకట్లో వెలగడం లేదు.

మొన్న ఉద్యోగం మాత్రం పోబోయింది. అణు ల్యాబుల్లో వాడి పారేసిన చేతి తొడుగుల పీపా లారీ ఎక్కాలి. రేడియేషన్ ఎంతుందో మీటరుతో కొలిచి, తరగతి తేల్చి, చీటీ అంటించాకే ఎక్కించాలని నిబంధన. మేనేజరేమో, "కొలిచేదేమిటయ్యా, తొడుగులే కదా! తక్కువ తరగతని రాసి సంతకం పెట్టు, లేదా ఇంటికెళ్లు" అన్నాడు. ఆ పీపాను వెనక పెట్టుకుని రెండు రోజులు లారీ నడిపేది డ్రైవరు, ఈయన కాదు. పక్కవాడి ప్రాణం మీద ధైర్యం ఎవరికైనా చౌకే! గంటసేపు వాదించి, పీపాను ఆయన గదికే దొర్లించుకెళ్లి, డ్రైవరు కళ్లెదుటే కొలిచాను. తీరా చూస్తే నిజంగానే తక్కువ. మేనేజరు మీసం మెలేశాడు. కొలిచాకే కదా తెలిసింది! ఒళ్లు మండి మీటరును ఆయన గ్రానైటు బల్ల మీద పెట్టాను. ముల్లు పీపా దగ్గర చూపినదాన్ని దాటి పైకి పోయింది.

"సార్, బల్లకు ఏ తరగతి చీటీ అంటించమంటారు?" అన్నాడు డ్రైవరు.

గ్రానైటు రాళ్లలో ఆమాత్రం రేడియేషన్ మామూలే, ప్రమాదం లేదని ఎంత చెప్పినా మేనేజరు వినడే! అప్పట్నుంచి వరండాలో కూర్చుంటున్నాడు. నా ఉద్యోగం నిలిచింది. రోజూ ఆయన కుర్చీ కొలవడానికి మనిషి కావాలిగా.

అమ్మ కంట్లో చుక్కలు వేస్తున్నావా? నా బూడిదరంగు స్వెట్టరు పంపు. బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. ఈ కార్డు అమ్మకు చదివి వినిపించేటప్పుడు బల్ల సంగతి దాటెయ్యి. మన వంటింటి గట్టూ ఆ రాయే; తెలిసిందంటే పలుగు పట్టుకుని దిగుతుంది.

నీ తమ్ముడు