పాత పుస్తకంలో లేని రూలు

ఆదివారం, జడ్చర్ల, 1994

ఈ రోజూ సలీం వాళ్ల టైలర్ షాపులో, కటింగ్ బల్ల మీదే ఆడాం. నోటితో కథ చెప్పుకుంటూ ఆడే ఆట ఇది, కథ నడిపేది సలీం. రాక్షసులతో కొట్లాడే వీరులం నేను, యాదగిరి. ఇరవై ముఖాల పాచిక మాకు లేదు. గుండీల డబ్బాలో ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు రాసిన చీటీలు వేసి తీస్తాం.

యాదగిరి ఈ ఆట రూల్స్ పుస్తకం కొత్త ఎడిషన్ తెచ్చాడు. "గిదే మంచిగున్నది, లెక్క సాఫ్ ఉన్నది" అన్నాడు. పాతదే మేలని నేను గొంతు పెంచాను. పాతదాంట్లో చచ్చిన వీరుడు చివరిగా ఒక చీటీ తీయొచ్చు, పది దాటితే లేస్తాడు. కొత్తదాంట్లో అది లేదు.

"పాతదాంట్ల ఏడున్నదో చూపియ్ మరి" అన్నాడు యాదగిరి.

మా పాత పుస్తకం ఇంగ్లిషు జిరాక్సు. ఇన్నాళ్లూ సలీమే చదివి చెప్పేవాడు. కూడబలుక్కుంటూ మొత్తం తిరగేశాను, ఎక్కడా లేదు. సలీం తలెత్తకుండా చీటీలు కలుపుతున్నాడు.

యాదగిరి వెళ్లాక సలీం నెమ్మదిగా అన్నాడు. "గది నేనే కల్పించిన. మొదటి దినం నీ వీరుడు సచ్చిపోంగనే చెప్పులేసుకున్నవ్. మళ్ల వస్తవో రావో అని ఫికరైంది."



వచ్చే వారం నుంచి కొత్త పుస్తకమే. దాని అట్ట లోపల ఆ రూలు పెన్సిల్‌తో రాయాలనుంది, యాదగిరి ఒప్పుకుంటాడో లేదో. వాడి వీరుడు ఇంతవరకు ఒక్కసారి కూడా చావలేదు. చచ్చిన రోజు పెన్సిల్ వాడే అడుగుతాడేమో.