హారన్ పీకేసిన కారు

నేలీ, "ఈ యూమా ఎడారి ఎండలో ఆ కారు ఫీనిక్స్ నగరం దాకా వెళ్తుందా, దేవుడా!" అని పొద్దున్నే పైకి అనేశాను. నువ్వేమో అక్కడ ఇంటర్వ్యూ ఉన్నా హాయిగా నిద్రపోతున్నావు.

ఇంజన్‌ని చల్లబరిచే రేడియేటర్ ఫ్యాన్ రిలే, అదే దాన్ని తిప్పే చిన్న స్విచ్, కాలిపోయింది. మీ తాతయ్య హారన్ రిలే పీకి అందులో పెడితే ఫ్యాన్ తిరిగింది. ఇక హారన్ మోగదు. ఎవడైనా అడ్డమొస్తే అద్దం దించి గట్టిగా అరిచెయ్యి. స్టీరింగ్ ముందున్న ఇంజన్ వేడి ముల్లు పైకెక్కితే ఏసీ ఆపి హీటర్ పూర్తిగా పెట్టు. ఇంజన్ వేడంతా లోపలికొచ్చి నువ్వు ఉడికిపోతావు గానీ ఇంజన్ బతుకుతుంది. అందుకే ఇస్త్రీ చొక్కా విడిగా వెనక సీట్లో పెట్టాను, అక్కడికెళ్లి మార్చుకో. వేడి మీద రేడియేటర్ మూత తియ్యకు, బీటో మామయ్య మొహం ఎలా కాలిందో గుర్తుందిగా! నీళ్ల డబ్బాలు డిక్కీలో, దారిలో తినడానికి బరీటోలు ముందు సీట్లో ఉన్నాయి.

ఆ కారుని తుక్కు అన్నానని తాతయ్య ఆదివారం నుంచి నాతో మాట్లాడటంలేదు.

అమ్మ

తా.క.: ముందు సీట్లోంచి బరీటోలు తీసెయ్యి. నేను బస్సుకి బయల్దేరుతూ, "నాన్నా, అది వెళ్తుందా లేదా, ఒక్క మాట చెప్పు" అని మీ తాతయ్యని బతిమాలాను. ఆయన కాఫీ అంతా తాగి, కప్పు కడిగి బోర్లించి, అప్పుడన్నారు: "వెళ్తుంది. దానికి హారన్ లేదుగా, నేను పక్కన కూర్చుని అరుస్తాను."