తల తీసిన జింక

కబ్ద్ తోట నుంచి,

అక్కా,

ముందుగా ఒక్క మాట. బావ ప్రాణాలతో ఉన్నాడు, నా పక్కనే కూర్చుని రొట్టె తింటున్నాడు. అది మనసులో పెట్టుకుని మిగతాది చదువు. నువ్వు, అత్త, పాప కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. నేనూ బాగానే ఉన్నాను.

ఇరాక్ సైన్యం వచ్చిన వారానికే మమ్మల్ని పనికి పెట్టుకున్న కఫీల్ తోట మాకప్పగించి సౌదీ వెళ్లిపోయాడు. ఎండ మండిపోతోంది. బియ్యం ఉన్నాయి, పప్పు లేదు. పోయిన వారం ఒక సైనికాధికారి వచ్చి, కఫీల్ పెంచుకునే జింకల్లో రెండింటిని కాల్చాడు. ఒకటి తను తీసుకుని రెండోది మాకిచ్చాడు. మంగఫ్ క్యాంపులో తలదాచుకున్న మనవాళ్లు ఉత్త రొట్టెలతో గడుపుతున్నారని బావ చెబితే, అక్కడికి తీసుకెళ్లమని చీటీ కూడా రాసిచ్చాడు.

బావ అది చదివి, "తల, తోలు ఊడదీయాకు రా. అది ఏ జంతువో చెక్‌పోస్టులో చూపియ్యాల. చీటీలో అట్లే రాసినాడు. లేకుంటే దోచుకొచ్చినారంటారు," అని పెట్రోలు తేవడానికి వెళ్లాడు.

నేను వినలేదక్కా. రక్తం కారుతోంది, ఈగలు ముసురుతున్నాయి. మాంసం చెడిపోతుందని తోలు వలిచి, తల తీసి గుంతలో పూడ్చి, ముక్కలన్నీ ఐసు పెట్టెలో సర్దాను. తిడతాడని బావకు చెప్పలేదు.

చెక్‌పోస్టులో సైనికుడు పెట్టె మూత తీశాడు. చీటీ చూశాడు, మాంసం చూశాడు. "తల ఏది? ఎవరి మందను దోచారు? కోసిందెవరు?" అని అరబ్బీలో అరిచాడు. బావ నావైపు చూసి, "నువ్వు గమ్మునుండు," అన్నాడు. తనే కోశానని వాళ్లకు చెప్పాడు. నేను గమ్మునే ఉన్నాను. ఆయన్ని జీపెక్కించేదాకా గమ్మునే ఉన్నాను.

మరునాడు ఆ అధికారిని వెతికి కాళ్లమీద పడ్డాను. చీటీ తనదేనని ఆయన చెబితే నాలుగో రోజు వదిలారు. బావకు ఎడమ చెవి వినపడడం లేదు.

"మీ అక్కకు చెప్పాకు. చెవిపోటు అందాంలే," అంటున్నాడు. ఇప్పుడూ నేను క్షేమమని రాస్తున్నాననే అనుకుంటున్నాడు. ఇంతవరకూ నన్ను ఒక్క మాట అనలేదు. తిన్నది ఒంటబట్టడం లేదక్కా.

ఇంటికి రావడానికి జోర్డాన్ వెళ్లే బస్సుల జాబితాలో మా ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ముందు బయలుదేరుతున్న మంగఫ్ మనిషితో ఈ ఉత్తరం పంపుతున్నాను. బావ చెవిపోటు అంటే నమ్మినట్టే ఉండి, కడప తీసుకెళ్లి డాక్టరుకు చూపించు. నన్ను మాత్రం తిట్టు, కొట్టు, వాకిట్లోనే నిలబెట్టు. "పోనీలే" అని మాత్రం అనకు.

అత్తకు దండాలు, పాపకు ముద్దులు. నీ దీవెన అడిగే మొహం లేదు. అయినా అడుగుతున్నాను.

నీ తమ్ముడు
ఓబులేసు