నమిలి పెట్టిన శెనక్కాయలు

సోమవారం, రాత్రి

రెండేళ్లు నిండకముందే పాపకు ముందుపళ్లు పుచ్చుతున్నాయి. అంగన్‌వాడీకి వచ్చిన పళ్ల డాక్టరమ్మ దాని నోరు చూసి, నా నోరు కూడా తెరిపించింది.

"అవ్వా, మనవరాలికి శెనక్కాయలు నమిలి పెడతాండావా?"

"నమలకుంటే గొంతుకు అడ్డం పడదా తల్లీ?"

"నీ పుచ్చుపళ్ల క్రిములు ఎంగిలితో దానికి పోతాయి. మెత్తగా దంచి పెట్టు."

కోడలు నవ్వింది. "ఆస్తి లేదంటివి గదత్తా, పుచ్చుపళ్లు రాసిచ్చినావే!"

సాయంత్రం బెల్లం వేయకుండా దంచి పెట్టాను. పాప ఆ ముద్ద తీసి, నమలమని నా నోటికే అందించింది. పెదాలు బిగించుకున్నాను. ఏడ్చింది. పస్తు పడుకుంటుందేమోనని భయపడ్డాను. చివరికి కోడలి ఒళ్లో కూర్చుని తిన్నది. నావైపు చూడనేలేదు.

తిన్నది, అదే చాలు. రేపు నా చేత్తో పెడితే తింటుందో, లేదో…