వెయ్యి అడుగుల లోపల

మిల్ ఫోర్క్,
అక్టోబర్ 9

చిరంజీవి డారెల్‌కు,

అమ్మ దీవించి రాసేది. నేను బాగానే ఉన్నాను, ఎడమ మోకాలు మాత్రం నా మాట వినడం మానేసింది. అక్కడ నువ్వు వేళకి తింటున్నావని తలుస్తాను.

ఈసారి పీచ్ పళ్లు విరగకాశాయి. పాకంలో వేసి పద్నాలుగు సీసాలు పట్టాను. తినే నోరు ఒక్కటేనని మూతలు బిగించాక గుర్తొచ్చింది. చర్చిలో నా బెంచీ మీద ఇప్పటికీ నేనొక్కదాన్నే. నువ్వు జైలుకెళ్లి ఆరేళ్లయినా, నా పక్కన కూర్చుంటే అంటుకుంటుందనుకుంటారు కాబోలు.

ఇక అసలు సంగతి. మార్చిలో విడుదలై ఇంటికే వస్తావని నీ గదికి రంగు కూడా వేయించాను. కానీ ఈ వేసవిలో మన రాష్ట్రం చట్టం మార్చింది. పిల్లల జోలికి వెళ్లి నీలా శిక్షపడినవాళ్లు బడికే కాదు, స్కూలు బస్సు ఆగే చోటుకి కూడా వెయ్యి అడుగుల లోపల కాపురం ఉండకూడదు. నువ్వు ఉండబోయే చిరునామా సరిచూడ్డానికి షెరీఫ్ ఆఫీసు నుంచి పోలీసు గార్నర్ వచ్చాడు, నీతో బేస్‌బాల్ ఆడినవాడే. మన గుమ్మం నుంచి మలుపు దాకా కొలత చక్రం దొర్లించాడు. ఇదివరకు బస్సు పెద్ద రోడ్డు మీద ఆగేది, ఆగస్టు నుంచి ఈ మలుపులో ఆగుతోంది. ఇంకోసారి కొలవమన్నాను. పాపం, కొలిచాడు.

"మూడు వందల పది అడుగులు, పెద్దమ్మా. పదిసార్లు దొర్లించినా పెరగదు" అన్నాడు.

కాఫీ ఇస్తే తాగి వెళ్లాడు. చాలా రోజులకి రెండో కప్పు కడిగాను.

హైవే పక్కన మోటల్లో నీలాంటివాళ్లు నలుగురు ఉంటున్నారట, అక్కడ గది చూడమన్నాడు. ఆదివారాలు నేనే వస్తాను, పీచ్ సీసాలు తెస్తాను. ఇల్లు అమ్మేద్దామని మాత్రం రాయకు. మీ నాన్న సమాధి వదిలి రావడం నావల్ల కాదు.

జవాబు రాయి. నీ చేతిరాత చూసి చాలా కాలమైంది.

నీ అమ్మ,
లొరీన్

తా.క. బస్సును ఆ మలుపుకి రప్పించింది నేనే. పెద్ద రోడ్డు దాకా చిన్నపిల్ల నడవలేదని జూలైలో బడికి అర్జీ పెట్టాను. ఎదురింటి ఓడెల్ మనవరాలికి ఆరేళ్లు నిండాయి. పొద్దున్నే వచ్చి మన మెట్ల మీద కూర్చుని కబుర్లు చెబుతుంది. ఇన్నేళ్లలో ఏ పనీ లేకుండా నాకోసం ఆ మెట్లెక్కింది ఆ పిల్ల ఒక్కతే. చట్టం సంగతి నాకప్పటికే తెలుసు. నువ్వు నా బిడ్డవి. రావద్దని నా నోటితో చెప్పలేకపోయాను. నీ గదికి రంగు వేయించింది అర్జీ ఇచ్చిన మర్నాడు.