ఎండకిచ్చిన రీలు

శ్రావణ శుక్రవారం, రాత్రి

సూరమ్మను, డెబ్బై ఏళ్లు. అమలాపురంలో మా ఆయన వదిలివెళ్లిన ఫోటో స్టూడియో నడుపుతూ కోడలితో ఉంటున్నాను. నేను చెబుతుంటే తను రాస్తోంది.

పొద్దున సారా కొట్టు ముందు బైఠాయించిన ఆడవాళ్లను ఫోటోలు తీశాను. వాన వెలిసిన రోడ్డు మీద వాళ్ల ముఖాలు నీడల్లా తేలాయి. అలాంటి వెలుగు ఇన్నేళ్లలో చూడలేదు.

మధ్యాహ్నం ఎస్సై వచ్చాడు.

"రీలు ఇవ్వండి మామ్మగారూ, ఎవరెవరున్నారో చూసి కేసు పెట్టాలి."

"ఆయ్, తీసుకోండి."

ఎండలో కెమెరా మూత తెరిచి రీలంతా లాగిచ్చాను. ముఖాలన్నీ వెలుగులో కలిసిపోయాయి.

"ఎంత పని చేసేరండీ?"

"కావాలనే చేశానని రాసుకోండి."

ఇప్పుడు కళ్లు మూస్తే ఆ ముఖాలు ఫోటోలు కడిగే నీళ్లలోంచి ఒక్కొక్కటే పైకొస్తున్నాయి. ఇంకెవరికీ చూపించలేను...

సూరమ్మ వేలిముద్ర.
సాక్షులు: కోడలు భవాని, కొట్టు ముందు మొదటి వరసలో కూర్చున్నది తనేనని రాయమని పట్టుబట్టిన మంగాయమ్మ.