ఒక్క మెట్టు నిచ్చెన

నవంబర్ 3, సోమవారం

నేను సుక్కిని. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మనవరాలు జమున పలక మీద చుక్కలు పొడుస్తోంది. రెండేళ్ల కింద జ్వరంలో దాని చూపు పోయింది. తర్వాత హాస్టల్‌లో ఈ చుక్కల రాత, బ్రెయిలీ అట, నేర్చుకుంది. తండాలో ఇంకెవరూ దీన్ని చదవలేరు. అందుకే ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

పదిహేడున మహబూబాబాద్‌లో దానికి కంప్యూటర్ పరీక్ష. నెగ్గితే ఫోన్లెత్తే ఉద్యోగం. లాప్‌టాప్ మనమే తీసుకుపోవాలి, తెర మీది రాతను అది పైకి చదవాలి. మాది మూగది.

నవంబర్ 5

హాస్టల్‌లో జమునతో చదివిన ప్రణయ్ భూపాలపల్లి నుంచి పెన్‌డ్రైవ్ పంపాడు. అతనికీ చూపు లేదు. అందులో పెట్టెను మాట్లాడించే లినక్స్ ఉందట. బావి మోటార్ లాగా ఎవరైనా విప్పి బాగుచేసుకోవచ్చట. బీప్ అన్నంక S నొక్కి ఎంటర్ కొట్టమని ఫోన్లో చెప్పాడు. జమున మీటలు తడిమి S వెతికింది. నా వేలు పట్టుకుని ఆ మీట మీద పెట్టింది. నేనే నొక్కాను. పెట్టె ఇంగ్లీషులో మాట్లాడింది. సాయంత్రం దాకా మాట్లాడుతూనే ఉంది, లినక్స్ దాని లోపలికి ఎక్కింది.

నవంబర్ 6

ఆపి మళ్లీ పెడితే మూగ.

నవంబర్ 9, ఆదివారం

నా కొడుకు భీమ్లా గనుల దగ్గర టిప్పర్ నడుపుతాడు. ఫోన్ చేసి, గా డబ్బా నీవల్లే ఖరాబైందేమో, అన్నిట్ల వేలు పెడ్తవు అన్నాడు. వచ్చి చూసి మాట్లాడు కొడకా అని పెట్టేశాను. కానీ లోపల భయమే. నిజంగా నేనే చెడగొట్టానా?

తెర మీద ఏముందో చెప్పమని ప్రణయ్ అడుగుతాడు. అతను చూడలేడు. జమున చూడలేదు. నేను చూడగలను, చదవలేను. చివరికి జమున అరచెయ్యి చాపి, కనబడ్డది కనబడ్డట్టు గియ్యి అవ్వా అంది. అద్దాల రవిక కుట్టిన వేలే కదా, గీశాను. ఒక్క మెట్టు నిచ్చెన. పొట్ట ఉబ్బిన గోడ. రెండు కొండలు. ఒక కట్టె. జమున ఎగిరి లేచింది. HDMI అట. మాట టీవీకి పోయే తీగలోకి పోతోందట. మీ ఇంట్ల టీవీనే లేదు గదా అవ్వా, ఎవలకు చెప్తుందది అని ప్రణయ్ నవ్వాడు. ఒక వరస కిందికి దింపితే గొంతు వచ్చింది.

నవంబర్ 10

జమున పెట్టెకు తెలుగు గొంతు పెట్టింది. రేకు మీద గోరు గీసినట్టుంది. మనలెక్క మాట్లాడదేందే అన్నాను. దానికి ఎవల యాసా రాదు, ఊకో అంది.

నవంబర్ 14

మళ్లీ మూగబోతుందేమోనని ఇవాళ పెట్టెను ఆరుసార్లు ఆపించి పెట్టించాను. జమున తిట్టింది.

నవంబర్ 17, సోమవారం

పరీక్ష గది బయట కిటికీ కింద కూర్చున్నాను. లోపల రేకు గొంతు మొదలైంది. హమ్మయ్య అనుకునేలోపే ఆగిపోయింది. తలుపు తోసుకుని పోయాను. పరీక్ష పెట్టే మేడం తాను చూసుకోవడానికి మా లాప్‌టాప్‌కు టీవీ తీగ పెట్టి పెద్ద తెరకు కలిపింది. నాకు అర్థమైంది.

తోడు రావొద్దు, నువ్వు చదివి చెప్తవు అంది మేడం. చదువొస్తే నీ కుర్చీల నేనే కూసుందును గదమ్మా అన్నాను. ఆమె నవ్వలేదు. ప్రశ్నల కాగితం నా ముందు పెట్టి చదవమంది. నేను తలకిందులుగా పట్టుకున్నానట. అప్పుడు నాకు ఒక్క అక్షరమూ రాదని రాసి, వేలిముద్ర వేయించుకుంది.

ఇన్నేళ్లు వేలిముద్ర వేసిన ప్రతిచోటా తల దించుకున్నాను. ఇవాళ గట్టిగా ఒత్తాను.

నిచ్చెన మీదుంది, కిందికి దింపు అన్నాను. జమున దింపింది. పెట్టె మాట్లాడింది. నన్ను బయటికి పంపారు. పరీక్షలో పావుగంట పోయింది జమునకు.

నవంబర్ 24

నెగ్గినవాళ్లలో జమున పేరు వచ్చింది.

నిద్ర పట్టడం లేదు. ఒక్క అక్షరమూ రాదని ఒత్తాను. S వచ్చు నాకు. నిచ్చెన కూడా వచ్చు. ఇది పొడవకే అన్నాను. పొడుస్తోంది.